ఘంటసాల నుంచి బందరుకోట దాకా: దిగువ కృష్ణాతీరంలో యుద్ధస్మారకాల చరిత్ర, అర్థం

వ్యాససంగ్రహం

యుద్ధస్మారకాన్ని సాధారణంగా శిలగా, శిల్పంగా, శాసనంగా అధ్యయనం చేస్తారు. ఆ శిలను ఎవరు నిలిపారు, తరువాత ఎవరు కాపాడారు అన్న ప్రశ్న వెనుకబడుతుంది. దిగువ కృష్ణాతీరంలోని ఘంటసాల, గణపేశ్వరం, బందరుకోటలను, నదికి ఎగువనున్న నాగార్జునకొండ, కారెంపూడిలతో కలిపి పరిశీలించి, స్మారకం నిలకడకు శిల గట్టిదనం కన్నా దాని వద్ద బాధ్యత వహించే వారసుల ఉనికే ముఖ్యకారణమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ‘స్తంభం’, ‘స్తూపం’ అనే మాటల ప్రయోగంలో వచ్చిన మార్పును కూడా ఈ దృష్టితో వివరిస్తుంది.

కీలకపదాలు: ఘంటసాల, ఛాయాస్తంభం, వీరగల్లు, గణపేశ్వరం, బందరుకోట, స్తూపం, యుద్ధస్మృతి.

1. ఉపోద్ఘాతం

యుద్ధాన్ని గుర్తుచేసే కట్టడాలు రెండు విధాలు. పోరు జరిగిన చోటును చూపేవి రణభూమి గుర్తులు. పోరులో మరణించినవారిని, లేదా గెలిచినవారిని తలచుకొనేందుకు నిలిపేవి స్మారకాలు. ఈ రెండూ ఒకేచోట ఉండాలన్న నియమం లేదు. వీరుడు పడినచోటు ఒకటి, అతని పేరు చెక్కిన రాయి ఉన్నచోటు మరొకటి కావచ్చు. తెలుగునేల మీది స్మారకాలను చదివేటప్పుడు ఈ భేదాన్ని పాటించకపోతే రాయి దొరికిన ప్రతిచోటునూ రణరంగంగా భావించే పొరపాటు జరుగుతుంది.

మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలతో కూడిన దిగువ కృష్ణా డెల్టా యుద్ధాలను ఎరుగని ప్రాంతం కాదు. 13వ శతాబ్దారంభంలో కాకతీయసేన దివిసీమను జయించింది. 18వ శతాబ్దంలో ఫ్రెంచివారు, ఆంగ్లేయులు బందరుకోట కోసం పోరాడారు. అయినా రాయలసీమ గ్రామాల్లో కనిపించినంతగా ఇక్కడ వీరగల్లులు కనిపించవు. దీనికి భౌగోళిక కారణం ఒకటి స్పష్టమే. డెల్టా ఒండ్రునేల. ఇక్కడ రాయి పుట్టదు, ఎగువ నుంచి తేవాలి. తెచ్చిన రాయి ఖర్చుతో కూడినది కాబట్టి సామాన్య సైనికుని పేర శిల నిలపడం అతని కుటుంబానికి సులభం కాకపోయి ఉండవచ్చు. అయితే డెల్టాలోనే శిలాస్తంభాలు, శిలామండపాలు వెలసిన ఘంటసాల ఉంది. కనుక రాయి కొరత ఒక్కటే సమాధానం కాదు. ఎవరి పేరు శిల మీదికి ఎక్కింది, ఆ పేరును నిలిపే బాధ్యత ఎవరిది అన్న ప్రశ్నలను కూడా వేయవలసి ఉంటుంది.

2. ఘంటసాల: దాతల పేర్లు నిలిచిన శిల

మచిలీపట్నానికి పశ్చిమంగా ఉన్న ఘంటసాల ప్రాచీన కాలంలో కంటకసోల, కంటకసేల అనే పేర్లతో ప్రసిద్ధం. క్రీ.శ. 2వ శతాబ్దికి చెందిన టాలెమీ భూగోళగ్రంథంలో ఇది వర్తకకేంద్రంగా కనిపిస్తుంది. ఇక్కడి బౌద్ధస్తూపాన్ని అలెగ్జాండర్ రీ తవ్వి, భట్టిప్రోలు, గుడివాడ స్తూపాలతో కలిపి 1894లో నివేదిక ప్రచురించాడు. ఇక్కడి ప్రాకృతశాసనాలను జె.పి.హెచ్. వోగెల్ ఎపిగ్రాఫియా ఇండికా 27వ సంపుటంలో పరిష్కరించాడు.

ఈ శాసనాల్లో వినిపించే గొంతు దాతలది. మహానావికుడైన సివకుని పేరు వాటిలో ఒకచోట ఉంది. ఓడలు నడిపినవారు, గృహస్థులు తమ దానాలను రాతి మీద నమోదు చేయించుకొన్నారు. ఆ దానం వెనుక పుణ్యం అనే భావన ఉంది. పుణ్యం దాతకు మాత్రమే చెందక బంధువులకు, సకలప్రాణులకు పంచబడుతుందన్నది బౌద్ధదానశాసనాల సాధారణధోరణి. అంటే స్తూపం ఒక వ్యక్తి మరణాన్ని చెప్పే గుర్తుగా కాక, అనేకులు కలిసి నిలిపే సామూహికస్మృతిగా పనిచేసింది. బుద్ధుని ధాతువును స్మరించడమే దాని కేంద్రం. ఆ కేంద్రం చుట్టూ దాతల పేర్లు చేరాయి.

ఘంటసాలకు ఎగువనున్న విజయపురితో, అంటే నాగార్జునకొండతో, సన్నిహితసంబంధం ఉంది. ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుని 14వ రాజ్యవర్షంలో ఉపాసిక బోధిసిరి వేయించిన నాగార్జునకొండ శాసనం, కంటకసేల మహాచైత్యం తూర్పుద్వారం వద్ద ఆమె కట్టించిన శిలామండపాన్ని పేర్కొంటుంది. ఒకే కాలంలో, ఒకే నది వెంట, ఒకే శిల్పసంప్రదాయంలో ఈ రెండు కేంద్రాలు ఎదిగాయి. అయితే ఘంటసాల శాసనాల్లో కనిపించని ఒక కొత్తరకం శిల నాగార్జునకొండలో కనిపిస్తుంది. అదే ఛాయాస్తంభం.

3. ఛాయాస్తంభం: బంధువులు నిలిపిన నీడ

నాగార్జునకొండ ప్రాకృతశాసనాల్లోని ‘ఛాయాఖంభ’ మరణించినవారి పేర నిలిపిన స్తంభం. ‘ఛాయ’ అంటే నీడ, ప్రతిబింబం. మనిషి లేడు, అతని నీడ ఈ రాతిలో ఉంది అన్న భావం ఆ పేరులోనే ఉంది. స్తంభాల మీద మరణించిన వ్యక్తి జీవితఘట్టాలు చెక్కారు. సేనానుల స్తంభాల మీద పోరాటదృశ్యాలూ ఉన్నాయి.

వీటిలో మొదట చెప్పుకోదగినది ఇక్ష్వాకువంశస్థాపకుడు వాసిష్ఠీపుత్ర చాంతమూలుని స్తంభం. అతడు స్వర్గస్థుడైన తరువాత, కుమారుడు వీరపురుషదత్తుని 20వ రాజ్యవర్షంలో, తల్లులు, అక్కచెల్లెళ్ళు, రాణులు కలిసి దానిని నిలిపారు. ఆ స్త్రీల పేర్లు శాసనంలో వరుసగా ఉన్నాయి. ఇతర ఛాయాస్తంభాలు సేనాపతుల పేర ఉన్నాయి. ఒక శిల్పిపేర నిలిపిన స్తంభం కూడా దొరికింది. కనుక ఛాయాస్తంభాన్ని యుద్ధవీరునికి మాత్రమే పరిమితమైన చిహ్నంగా గ్రహించరాదు. రాజు, సేనాని, శిల్పి అనే భేదం లేకుండా, పోయినవారి కోసం ఉన్నవారు చేసిన ఏర్పాటు అది. యుద్ధమరణం అందులో ఒక సందర్భం.

ఈ స్తంభాల్లో రెండు పేర్లకు ప్రాధాన్యం ఉంది. ఒకటి మరణించినవానిది, మరొకటి నిలిపినవారిది. వారసులు తమ పేరును కూడా రాతికి అప్పగించడం వల్ల ఆ స్మృతి ఒక కుటుంబబాధ్యతగా ప్రకటితమైంది. ఇక్ష్వాకుల అనంతరం ఆ కుటుంబాలు చెదిరిపోయాయి. స్తంభాలు నేలలో కూరుకుపోయాయి. 20వ శతాబ్దంలో తవ్వకాలు వాటిని వెలికితీశాయి. నాగార్జునసాగర్ జలాశయంలో లోయ మునిగిపోవడంతో వాటిలో ముఖ్యమైనవి కొండ మీది ప్రదర్శనశాలకు చేరాయి. నేడు శిల ఉంది, అది మొదట నిలిచిన స్థలం నీటి అడుగున ఉంది. స్మారకం రక్షితమైంది కాని స్థలంతో దానికున్న బంధం తెగిపోయింది.

4. వీరగల్లు, వీరులగుడి

ఛాయాస్తంభం తరువాతి శతాబ్దాల్లో వీరగల్లు ప్రధానరూపం. సాధారణంగా కింది భాగంలో పోరు, నడుమ వీరుని దేవకాంతలు తీసుకొనిపోవడం, పైన శివలింగం వద్ద అతని ఉనికి చెక్కబడి ఉంటాయి. చిత్తూరు ప్రాంతంలో దొరికిన వీరశాసనాలు కొన్ని సోరెమడి యుద్ధాన్ని పేర్కొంటాయి. ఒకే యుద్ధాన్ని చెప్పే శిలలు ఒకచోట కాక వేర్వేరు గ్రామాల్లో లభించడం గమనార్హం. వీరగల్లు రణభూమి కన్నా వీరుని ఊరికి, అతని వారికి దగ్గరగా ఉండే గుర్తు అని ఇది సూచిస్తుంది.

రణభూమినీ స్మారకాన్నీ ఒకచోట కలిపిన ఉదాహరణ పలనాటి కారెంపూడి. 12వ శతాబ్దపు పలనాటి యుద్ధం జరిగినదిగా సంప్రదాయం చెప్పే చోటే నాగులేటి ఒడ్డున వీరులగుడి ఉంది. ఏటా కార్తిక అమావాస్య మొదలు 5 రోజులు రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అనే పేర్లతో ఉత్సవం సాగుతుంది. వీరాచారవంతులు తమ ఇళ్ళలో కాపాడుకొనే ఆయుధాలను, అంటే కొణతాలను, తెచ్చి నాగులేటిలో స్నానం చేయిస్తారు. మందపోరు నాడు కులభేదం లేని చాపకూడును తలచుకొంటారు.

ఇక్కడ స్మారకం రాతి మీద ఉన్న వాక్యం కాదు. అది ఏటా చేయవలసిన పని. ఆయుధం ఏ ఇంట్లో ఉంటుంది, ఎవరు మోస్తారు, ఏ రోజున ఏ ఘట్టం జరగాలి అనేవి నిర్ణీతం. శాసనం చదవగలవారు లేకపోయినా ఈ స్మృతి నిలుస్తుంది. అలాగే దీనికి ఒక పరిమితి ఉంది. ఉత్సవం యుద్ధకథను తన క్రమంలో తిరిగి చెబుతుంది. అది చరిత్రకారునికి కావలసిన తేదీలను, సంఖ్యలను భద్రపరచదు. పలనాటి వీరచరిత్రను చారిత్రకాధారంగా వాడేవారు ఈ భేదాన్ని ఎల్లప్పుడూ దృష్టిలో ఉంచుకోవాలి.

5. గణపేశ్వరం: ఓడినవారు కట్టిన గుడి

పలనాటి స్మృతి సోదరులైన ఇరుపక్షాల మరణాన్ని కేంద్రంగా చేసుకొన్నది. దిగువన దివిసీమలో యుద్ధస్మృతి వేరొక దారి పట్టింది. కాకతీయ గణపతిదేవుడు వెలనాటి పృథ్వీశ్వరుని ఓడించి, దివిసీమను వశం చేసుకొన్నాడు. అక్కడి అయ్యవంశపు నాయకుడు పినచోడి కుమార్తెలు నారమ, పేరమలను వివాహమాడాడు. వారి సోదరుడు జాయపను తన గజసాహిణిగా నియమించుకొన్నాడు. ఈ జాయపసేనానే తరువాత 1253-54 ప్రాంతంలో నృత్తరత్నావళిని రచించాడు.

జాయప తన పూర్వుల ద్వీపంలో, అంటే దివిలో, రాజు పేర గణపేశ్వరాలయాన్ని కట్టించాడు. శక 1153, అంటే క్రీ.శ. 1231 నాటి గణపేశ్వరశాసనం ఈ విషయాన్ని తెలుపుతుంది. హుల్ష్ దీనిని ఎపిగ్రాఫియా ఇండికా 3వ సంపుటంలో ప్రకటించాడు. గణపేశ్వరం అనే ఊరిపేరులో ఆ రాజు పేరు నేటికీ వినిపిస్తుంది.

ఈ గుడిని యుద్ధస్మారకంగా చదవవచ్చునా అన్నది చర్చనీయం. ఇందులో రణదృశ్యం లేదు. దివిసీమ పోరులో మరణించినవారి పట్టిక లేదు. కాని శాసనం గణపతిదేవుని దివి విజయాన్ని చెబుతుంది, గుడి ఆ విజయానంతరం ఏర్పడిన రాజకీయబంధాన్ని స్థలానికి అంటగట్టింది. విజేత పేరును విజితుల వంశీయుడు తన సొంతగడ్డ మీద దేవుని పేరుగా మార్చాడు. నాగార్జునకొండ స్తంభం మరణించినవారిని తలచుకొంటే, గణపేశ్వరం సంధిని తలచుకొంటుంది. యుద్ధం ముగిసిన తీరును చెప్పే కట్టడం కూడా యుద్ధస్మారకమే అని అంగీకరిస్తే, దివిసీమలో రాతిగుర్తులు లేవన్న అభిప్రాయాన్ని సవరించుకోవలసి వస్తుంది. అదే సమయంలో ఆ సంధి మరుగుపరచినదేమిటో కూడా అడగాలి. పోరులో పడిన దివి సైనికుల పేర్లు ఏ గుడి గోడ మీదికీ రాలేదు. వారసుడైన జాయప నిలిపినది ప్రభువు పేరు.

6. బందరుకోట: స్థలం ఉంది, పేర్లు లేవు

గణపేశ్వరంలో విజేత పేరైనా మిగిలింది. బందరుకోటలో స్థలం మాత్రమే మిగిలింది. 1750లో మచిలీపట్నం ఫ్రెంచివారి చేతికి వచ్చింది. 1758 డిసెంబరులో చందుర్తి వద్ద ఫ్రెంచిసేనను ఓడించిన కర్నల్ ఫోర్డ్, విజయనగరం ఆనందగజపతి బలగాలతో దక్షిణానికి వచ్చి, 1759 మార్చిలో కోటను ముట్టడించాడు. కోటలో కాన్‌ఫ్లాన్స్ సేనానిగా ఉన్నాడు. సలాబత్‌జంగ్ సేనలు దగ్గరపడుతుండగా ఏప్రిల్ 7వ తేదీ రాత్రి ఫోర్డ్ దాడి జరిపించాడు. ఊబినేల వైపు నుంచి ఎవరూ రాలేరన్న నమ్మకాన్ని ఆసరాగా తీసుకొని నాక్స్ ఆధ్వర్యంలోని సిపాయిలు అటువైపు దృష్టి మళ్ళించే దాడి చేశారు. అసలు దాడి ఈశాన్యబురుజు మీద జరిగింది. తెల్లవారేసరికి కోట వశమైంది. మే 14న సలాబత్‌జంగ్‌తో కుదిరిన ఒడంబడికతో మచిలీపట్నం చుట్టుపక్కల ప్రాంతాలు ఆంగ్లేయ కంపెనీకి దక్కాయి. ఉత్తరసర్కారుల చరిత్రలో ఇది మలుపు.

ఈ దాడిని రాబర్ట్ ఓర్మ్ వివరంగా రాశాడు. ఆ వృత్తాంతంలో ఐరోపా అధికారులకు పేర్లు ఉన్నాయి. ఊబిలో దిగిన సిపాయిలకు సంఖ్య మాత్రమే ఉంది. కోటలో నేడు కనిపించే ఆయుధాగారం, గంటగోపురం శిథిలాలు యుద్ధమృతుల కోసం కట్టినవి కావు. అవి సైనికావసరానికి కట్టిన కట్టడాలు. అదే పట్టణంలోని డచ్చి శ్మశానంలో 17, 18 శతాబ్దాల సమాధుల మీద వంశచిహ్నాలతో, అందమైన అక్షరాలతో పేర్లు చెక్కి ఉన్నాయి. వర్తకకంపెనీ ఉద్యోగులకు శిల దక్కింది. వర్తకకంపెనీ కోసం మరణించిన సిపాయికి దక్కలేదు.

సమకాలీనమైన బొబ్బిలితో పోలిస్తే కారణం స్పష్టమవుతుంది. 1757 జనవరి 24న జరిగిన బొబ్బిలి యుద్ధంలో కోట నేలమట్టమైంది. అయినా ఆ వంశం తిరిగి నిలదొక్కుకొంది. 19వ శతాబ్దంలో రణస్థలంలో స్మారకస్తంభాన్ని నిలిపింది. గాయకులు ఆ కథను ఊరూరా పాడారు. బొబ్బిలికి వారసులున్నారు, కథ ఉంది, ఆ తరువాత శిల వచ్చింది. బందరుకోటలో పోరాడినవారు కూలికి కుదిరిన సైనికులు. వారి ఊళ్ళు వేరు, భాషలు వేరు, యజమానులు వేరు. ఆ కోటను తమదిగా తలచే కుటుంబం ఏ పక్షాన కూడా ఇక్కడ మిగలలేదు. 1864 నవంబరు 1న వచ్చిన ఉప్పెనలో మచిలీపట్నంలో సుమారు 30,000 మంది మరణించారు. ఆ విపత్తు తరువాత పట్టణస్మృతిలో కోటయుద్ధం మరింత వెనక్కు జరిగి ఉండాలి.

పేర్లు, సంఖ్యల మధ్య ఈ అసమానత బందరుకు పరిమితమైనది కాదు. మొదటి ప్రపంచయుద్ధం తరువాత సామ్రాజ్య యుద్ధసమాధుల సంఘం ప్రతి మృతునికీ సమానంగా పేరు దక్కాలన్న సూత్రాన్ని ప్రకటించింది. ఆచరణలో ఇరాక్‌లోని బస్రా స్మారకంపై భారతీయ సామాన్య సైనికులను పేర్లతో కాక సంఖ్యలుగా నమోదుచేశారు. ఆ సంఘానికి వారసురాలైన కామన్వెల్త్ సంస్థ ఈ అసమానతను 2021లో వెలువరించిన నివేదికలో అంగీకరించింది. 1759 నాటి బందరు సిపాయిలదీ, 20వ శతాబ్దపు బస్రా సైనికులదీ ఒకే స్థితి.

7. ‘స్తూపం’ అనే మాట ప్రయాణం

నేటి తెలుగులో యుద్ధంలోనో ఉద్యమంలోనో మరణించినవారి గుర్తును ‘అమరవీరుల స్తూపం’ అంటారు. వాడుకలో ‘స్థూపం’ అనే రూపమూ ఉంది. ఆకృతిని బట్టి చూస్తే అది చాలాసార్లు నిలువెత్తు స్తంభం. ఘంటసాలలోని అర్ధగోళాకారపు ఇటుకకట్టడంతో దానికి పోలిక లేదు. రూపంలో అది ఛాయాస్తంభానికి దగ్గర, పేరు మాత్రం స్తూపానిది. హైదరాబాదు గన్‌పార్కులో 1969 ఉద్యమమృతుల కోసం నిలిపిన కట్టడానికీ ఇదే పేరు స్థిరపడింది.

ఈ పేరుమార్పును పొరపాటుగా తోసిపుచ్చడం సరికాదు. ఛాయాస్తంభం ఒక మనిషిది, ఒక కుటుంబానిది. స్తూపం అనేకులు కలిసి నిలిపి, అందరూ ప్రదక్షిణం చేసేది. ఆధునికస్మారకం రూపాన్ని మొదటిదాని నుంచి, అర్థాన్ని రెండవదాని నుంచి తీసుకొన్నది. మృతులు ఏ ఒక్క ఇంటివారో కారు, సమాజమే వారికి వారసురాలు అన్న భావన ఆ మాటలో ఇమిడింది.

దివిసీమలో ఈ మాటకు ఇంకొక అర్థం చేరింది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో వేలమంది మరణించారు. వారి కోసం నిలిపిన స్మారకస్తూపాల వద్ద ఏటా ఆ తేదీన నివాళి అర్పిస్తారు. యుద్ధమృతులకు పుట్టిన స్మారకరూపం ఇక్కడ ప్రకృతివిపత్తు మృతులకు అన్వయమైంది. తేదీ, స్థలం, సమూహం, ఏటా చేయవలసిన పని అన్నీ ఉన్నందువల్ల ఆ స్మృతి సజీవంగా ఉంది. కారెంపూడి ఉత్సవం నిలిచిన కారణమూ ఇదే.

8. ముగింపు

పై పరిశీలన నుంచి మూడు విషయాలు తేలుతున్నాయి.

ఒకటి, స్మారకశిల ఆయుష్షు దాని వారసుల ఆయుష్షును అనుసరిస్తుంది. ఇక్ష్వాకు కుటుంబాలు చెదిరాక ఛాయాస్తంభాలు మట్టిలో కలిశాయి. వీరాచారవంతులు ఉన్నందువల్ల కారెంపూడి నిలిచింది. వారసులెవరూ లేనందువల్ల బందరుకోట యుద్ధం పేర్లులేని యుద్ధమైంది.

రెండు, యుద్ధస్మారకం అనే వర్గాన్ని శిల్పలక్షణాలతో మాత్రమే నిర్వచిస్తే గణపేశ్వరం వంటి కట్టడాలు జారిపోతాయి. యుద్ధానంతరం ఏర్పడిన సంబంధాలను చెప్పే ఆలయాలను, ఊరిపేర్లను, ఆచారాలను కూడా ఈ వర్గంలో చేర్చి చదవాలి. అలా చదివేటప్పుడు ఎవరి పేరు నిలిచిందో ఎంత ముఖ్యమో, ఎవరి పేరు నిలవలేదో అంత ముఖ్యం.

మూడు, సహజవారసులు లేని స్థలాలకు వారసత్వం వహించవలసినది విద్యాసంస్థలు, పురావస్తుశాఖ, స్థానికసమాజం. బందరుకోటలో 1759 దాడి ఏ దిక్కు నుంచి జరిగిందో, ఊబినేల ఎక్కడిదో, ఇరుపక్షాల సేనల్లో సిపాయిలు ఎందరో తెలుగులో వివరించే గుర్తులు స్థలంలోనే ఉండాలి. నాగార్జునకొండ ఛాయాస్తంభాల వద్ద అవి మొదట నిలిచిన చోట్ల పటం ఉండాలి. గణపేశ్వరశాసన పాఠం, తెలుగు తాత్పర్యంతో సహా, ఆ ఊరి బడిపిల్లలకు అందుబాటులో ఉండాలి. కృష్ణా, గుంటూరు మండలాల్లోని తెలుగు, చరిత్ర శాఖల పరిశోధకులు ఊరూరా ఉన్న చిన్న శిలలను, వాటి వద్ద జరిగే మొక్కుబడులను, వాటిని చూసుకొనే కుటుంబాల మౌఖికకథనాలను కలిపి నమోదుచేస్తే ఈ పని మొదలవుతుంది. శిల ఎక్కడుందో రాసుకోవడంతో ఆగక, అక్కడ దీపం ఎవరు పెడుతున్నారో కూడా ఆ నమోదులో ఉండాలి.